కుండ పెంకు చెప్పే వేడి లెక్క

దుక్కి దున్నుతుంటే పైకి తేలిన పాత పెంకును తుడిచి చూసి, "ఎర్రగా ఉంది, బాగా కాల్చారు" అనేస్తాం. మీటితే ఖంగుమందంటే ఇక సందేహమే ఉండదు. ఇలాంటి నమ్మకాలు చాలావరకు నిలవవు.

అపోహ: ఎరుపైతే ఎక్కువ వేడి, నలుపైతే తక్కువ.

రంగు ముఖ్యంగా చెప్పేది గాలి సంగతి. ఆవంలో గాలి బాగా ఆడితే మట్టిలోని ఇనుము హెమటైట్‌గా మారి ఎరుపెక్కుతుంది. గాలి అందక పొగ కమ్మితే నలుపు. రాక్షసగుళ్లని మనం పిలిచే పాత రాతి సమాధుల్లో దొరికే పాత్రలు చూడండి: లోపలి వైపు, మూతి అంచు నల్లగా ఉంటాయి, కింది భాగం బయట ఎర్రగా ఉంటుంది. బోర్లించి కాల్చడం వల్ల అలా వచ్చిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. కుండ ఒకటే, రంగులు మాత్రం రెండు.

అపోహ: ఖనిజాలు థర్మామీటరులా ఒకే అంకె చెబుతాయి.

అవి చెప్పేది హద్దులు. చిటికెడు పెంకు పొడిని ఎక్స్‌రే కింద పెడితే ఏ ఖనిజం మిగిలిందో, ఏది పోయిందో, ఏది కొత్తగా పుట్టిందో తెలుస్తుంది. బంకమట్టి ఖనిజాల్లో కయోలినైట్ 450–600 డిగ్రీల మధ్య తనలోని నీటిని వదిలి కూలిపోతుంది. ఇల్లైట్ సుమారు 900 డిగ్రీల దాకా ఆనవాళ్లు నిలుపుకుంటుంది. సున్నం ఉన్న మట్టిలో 850 డిగ్రీల ప్రాంతంలో గెహ్లెనైట్ పుట్టడం మొదలవుతుంది. ముల్లైట్ కనిపించిందంటే వేడి వెయ్యి దాటిందన్నమాట. ఇల్లైట్ ఇంకా ఉండి, గెహ్లెనైట్ కూడా కనిపిస్తే దాదాపు 850–900 మధ్య అనుకోవచ్చు. గెహ్లెనైట్ లేదని తక్కువ వేడి అనేయకూడదు. అసలు మట్టిలోనే సున్నం లేదేమో! అందుకే ఆ ఊరి మట్టిని కూడా పరీక్షించాలి. పైగా అదే వేడిలో పది నిమిషాలు ఉన్న కుండకూ గంటసేపు ఉన్న కుండకూ ఫలితం ఒకటి కాదు.

అపోహ: పలుగురాయి 573 డిగ్రీల దగ్గర మారుతుంది కాబట్టి అదే మంచి గుర్తు.

మారే మాట నిజమే. కానీ చల్లారగానే మళ్లీ పాత రూపానికి వచ్చేస్తుంది.

అపోహ: పెంకులో కాల్సైట్ ఉంటే తక్కువ వేడిలో కాల్చినట్టే.

నిపుణులు కూడా జాగ్రత్తపడాల్సిన చోటిది. సున్నపురాయిలో ఉండే ఈ కాల్సైట్ సుమారు 700–850 డిగ్రీల మధ్య విడిపోయి పొడి సున్నంగా మారుతుంది. ఇటుక బట్టీల్లో ఈ బెడద కళ్లారా చూడొచ్చు: మట్టిలో సున్నపు గడ్డ ఉండిపోతే, కాలిన ఇటుకకు తడి తగిలాక అక్కడ ఉబ్బి పెచ్చు లేస్తుంది, గుంటలో తెల్లటి పొడి కనిపిస్తుంది. పెంకులోనూ అలా మిగిలిన సున్నం భూమిలో తేమనూ బొగ్గుపులుసు వాయువునూ పీల్చి తిరిగి కాల్సైట్ అవుతుంది. నేల నీరు కూడా కాల్సైట్‌ను తెచ్చి పేరుస్తుంది. ఈ కొత్త కాల్సైట్‌ను పట్టుకోవాలంటే పెంకును పల్చటి పొరగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూడాలి. అది సన్నటి రేణువులుగా రంధ్రాల గోడలను అంటుకుని ఉంటుంది.

అనుమానం తీరకపోతే పెంకులో ఓ ముక్కను కోసి, కొలిమిలో మెట్టుమెట్టుగా వేడి పెంచుతూ మళ్లీ కాలుస్తారు. పాత వేడి దాటే వరకు ఖనిజాల్లో పెద్ద మార్పు రాదు. దాటాక కొత్తవి తలెత్తుతాయి. పోల్చి చూడటానికి రెండో ముక్కను మాత్రం కాల్చకుండా దాచిపెడతారు.