ఎమర్జెన్సీలో ముందొచ్చిన వాళ్లను ముందు చూడరా? క్యూ ఎలా నడుస్తుందంటే..

నిడమనూరులో ఒకాయన బైక్ మీద నుంచి పడ్డాడనుకుందాం. చేతికి గాయం, రక్తం, నొప్పితో అరుపులు. మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లారు. పది నిమిషాల తర్వాత ఓ పెద్దాయన నడుచుకుంటూ వచ్చి, ఛాతీ బరువుగా ఉందన్నాడు. సిబ్బంది ఆయన్నే ముందు లోపలికి పంపారు. బయట ఉన్నవాళ్లకు కోపం రావడం సహజం. కానీ ఇందులో పలుకుబడి ఏమీ లేదు. ఎమర్జెన్సీ నడిచే తీరే అది.

ట్రయాజ్ అంటే ఏంటి?

ఓపీలో టోకెన్ నంబరును బట్టి పిలుస్తారు. ఎమర్జెన్సీలో ప్రాణాపాయాన్ని బట్టి చూస్తారు. ఇలా వేరుచేయడమే ట్రయాజ్. ఊపిరి, పల్స్, బీపీ, ఆక్సిజన్, స్పృహ ఎలా ఉన్నాయో ముందుగా పరీక్షిస్తారు. ఢిల్లీ ఎయిమ్స్ పద్ధతిలో మూడు రంగులుంటాయి.

* ఎరుపు: ప్రాణాపాయం. వెంటనే చికిత్స.
* పసుపు: ప్రస్తుతానికి నిలకడగానే ఉన్నా, పరిస్థితి విషమించే ప్రమాదం ఉన్నవాళ్లు.
* ఆకుపచ్చ: చిన్న గాయాలు, మామూలు జ్వరాలు. కాసేపు ఆగినా ఫర్వాలేదు.

అరవగలుగుతున్నారంటే ఊపిరి ఆడుతోందనే అర్థం. చప్పుడు చేయకుండా కూలబడిన వాళ్ల గురించే డాక్టర్లు ఎక్కువ కంగారు పడతారు.

పైకి బాగానే కనిపించినా ప్రమాదమేనా?

ఛాతీ నొప్పితో వస్తే 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్య ప్రమాణం. మూతి వంకరపోయి, చేయి పడిపోతే అది పక్షవాతం కావచ్చు. మెదడులో రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చిన పక్షవాతమైతే, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. సాగర్ ఎడమ కాల్వ కింది పొలాల్లో పాము కాటు, పురుగుమందు ప్రమాదాలూ ఇలాంటివే. మొదట మనిషి మామూలుగానే మాట్లాడొచ్చు, తర్వాత ఒక్కసారిగా పరిస్థితి దిగజారొచ్చు.

మనం ఏం చేయాలి?

* బయల్దేరే ముందే 108కి ఫోన్ చేయండి. అంబులెన్సులోనే ప్రథమ చికిత్స మొదలవుతుంది.
* ఏం జరిగింది, ఎన్ని గంటలకు జరిగింది, రోజూ ఏ మందులు వాడతారు.. ఈ మూడూ లోపలికి వెళ్లగానే చెప్పండి. పురుగుమందు తాగితే దాని పేరు చెప్పండి.
* కూర్చున్నాక ఆయాసం, మగత, వాంతులు మొదలైతే వెంటనే నర్సును పిలవండి. పరిస్థితి మారితే రంగూ మారుతుంది.

ముందు డబ్బు కట్టాలా?

ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకు పోలీసు ఫార్మాలిటీల కోసం ఆగకుండా వైద్యం అందించాలని 1989లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇది ప్రైవేటు ఆసుపత్రులకూ వర్తిస్తుంది. అత్యవసర చికిత్స అందించి పరిస్థితి నిలకడయ్యేలా చూడాల్సిన బాధ్యత ఆసుపత్రిదే, డబ్బు మాట ఆ తర్వాతే.

మీ వంతు ఆలస్యమైతే కోపం రావచ్చు. కానీ మీకంటే ముందు లోపలికి వెళ్లిన మనిషికి అంత టైమ్ లేకపోవచ్చు.