సారా ఏరులై పారిన జిల్లాలో పసిపిల్లలు

తాగి వచ్చిన తండ్రి చెయ్యెత్తితే తల్లితో పాటు అడ్డువెళ్లిన బిడ్డకూ దెబ్బ తగులుతుంది. కూలి డబ్బు దుకాణంలోనే కరిగిపోతే పిల్లలు పస్తులుంటారు, అదీ హింసే. మద్యం ఎంత దగ్గర్లో, ఎంత చవగ్గా, ఏ వేళ దాకా దొరకాలో నిర్ణయించేది ప్రభుత్వం. కనుక ఈ హింసలో విధానానికీ వాటా ఉంది.

1980లలో 'వారుణి వాహిని' పేరుతో సర్కారే సారాను ఊరూరికీ చేర్చింది. అక్షరాస్యతా తరగతుల్లో 'సీతమ్మ కథ' పాఠం చదివిన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు తమ ఇళ్లనే అందులో చూసుకున్నారు. 1992లో సారా వ్యతిరేక పోరాటంలో దూబగుంట రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలిచారు. మొగుళ్ల తన్నులూ, పిల్లల ఆకలీ వాళ్లను వీధిలోకి తెచ్చాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. దొంగసారా, ఖజానా లోటు పెరగడంతో 1997లో మద్యనిషేధాన్ని సడలించారు. మద్యం రాబడి మీద బడ్జెట్ ఆధారపడినంతకాలం బిడ్డల రక్షణ వెనకబడక తప్పదు.

సంరక్షణలో ఉన్న పిల్లలను హింసిస్తే 2015 బాలల న్యాయచట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. పక్కింట్లో దెబ్బలు తింటున్న బిడ్డ ఏడుపు వినిపిస్తే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.