పంట్లాము పొడుగైనచో కత్తిరింపనేల?

బడిపిల్లలకు ప్రభుత్వము ఉచితముగా నిచ్చు యూనిఫారము పంట్లాములు కొందరికి పొడుగగుట మేము పలుగ్రామములలో చూచితిమి. అంచు కాలిక్రింద పడి చిరుగును. పిల్లవాడు తట్టుకొని పడును. కత్తిరించినచో, పెరిగెడి పిల్లవానికి మరుసటి యేడు అది పొట్టి యగును. కనుక మడిచి కుట్టుటయే మేలు.

నూలు కలిసిన బట్ట తడిసిన ముడుచుకొనును; ముందుగా ఉతికి ఆరవేయవలెను. పిల్లవానికి తొడిగి, చెప్పులతో నిలువబెట్టి, మడమవద్ద సుద్దతో గీత గీయవలెను. రెండు కాళ్లకును కొలత వేరుగా చూడవలెను. పిదప విప్పి, మిగులు బట్టను గీతవరకు లోనికి మడిచి, ఇస్త్రీచేసి, అదే రంగు దారముతో చేతికుట్టు వేయవలెను. పైబట్టనుండి ఒకటి రెండు పోగులు మాత్రమే సూదితో ఎత్తినచో కుట్టు బయటికి కనబడదు. పిల్లవాడు పెరిగినపుడు కుట్టు విప్పిన చాలును.

సూదిదారములకు మించి ఇందు ఖర్చు లేదు. పంచాయతీ సభ్యులు బడి తెరచు దినములలో ఊరి దర్జీచే తల్లిదండ్రులకు ఈ పని ఒకసారి చూపించిన, ఒక్క బట్టయు వ్యర్థము కాదు.