చీకటిగదిలో కాలమానం

శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు సన్నని ఖద్దరుకు ప్రసిద్ధి పొందిన ఊరు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, శుభ్రపరచి, నూలు వడుకుతారు. వసారాలో రాట్నం ముందు కూర్చున్న ఒక వృద్ధురాలిని నలుపు తెలుపు ఫిల్ముపై చిత్రించామనుకుందాం. వీధి వైపు నుండి వచ్చే ఎండ ఆమె ఒడిలోని తెల్లని నూలుపై పడుతున్నది. వెనుకనున్న గోడ, పైనున్న దూలాలు, ఆమె ముఖంలో ఒక పక్క నీడలో ఉన్నాయి. ఛాయాచిత్రంలో నూలుపోగులు విడివిడిగా కనబడాలి. నీడలోని ముఖమూ కనబడాలి. ఆమె మరొకనాడు అదే వెలుతురులో అలాగే కూర్చుంటుందన్న నమ్మకం లేదు. కెమెరా మీట నొక్కడంతో సగం పని మాత్రమే పూర్తయింది. తక్కిన సగం చీకటిగదిలో తీసుకొనే రెండు నిర్ణయాలపై ఆధారపడి ఉంటుంది. డెవలపరులో ఎంత నీరు కలపాలి? ఫిల్మును అందులో ఎన్ని నిమిషాలు ఉంచాలి?

ఫిల్ముపై జెలటిన్ పొరలో వెండి లవణాల స్ఫటికాలు ఉంటాయి. వెలుతురు తగిలిన స్ఫటికాలలో కంటికి కానరాని ఒక గుప్తబింబం ఏర్పడుతుంది. డెవలపరు ఆ స్ఫటికాలను నల్లని లోహపు వెండిగా మారుస్తుంది. ఎండ పడిన నూలు ఉన్నచోట వెండి దట్టంగాను, నీడ ఉన్నచోట పలుచగాను ఏర్పడుతుంది. అందుచేతనే నెగటివులో తెలుపు నల్లగా కనిపిస్తుంది. నీడలో ఉన్న కొద్దిపాటి వెండి మొదటి కొన్ని నిమిషాలలోనే చాలావరకు బయటపడుతుంది. అటుపైన కాలం గడిచేకొద్దీ ప్రధానంగా పెరిగేది వెలుగు భాగాల దట్టం. కాబట్టి ఎక్కువసేపు ఉంచితే నలుపు తెలుపుల తేడా పెరుగుతుంది. తక్కువసేపు ఉంచితే తగ్గుతుంది. ఈ సంబంధాన్ని హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొలతలతో నిరూపించి 1890లో ప్రకటించారు.

డెవలపర్లు అనేకం ఉన్నా, కొడాక్ సంస్థ 1927లో ప్రవేశపెట్టిన డి-76 నేటికీ వాడుకలో ఉన్నది. ఇల్‌ఫోర్డ్ వారి ఐడి-11 దాదాపు అదే మిశ్రమం. ఒక లీటరు ద్రావణంలో 2 గ్రాముల మెటాల్, 5 గ్రాముల హైడ్రోక్వినోన్, 100 గ్రాముల సోడియం సల్ఫైటు, 2 గ్రాముల బోరాక్సు ఉంటాయి. సల్ఫైటు పాలు ఇంత అధికంగా ఉండటానికి కారణం ఉంది. అది డెవలపరు గాలి సోకి చెడిపోకుండా కాపాడుతుంది. వెండి రేణువుల అంచులను కొద్దిగా కరిగించి చిత్రాన్ని మృదువుగానూ చేస్తుంది.

ఈ మూల ద్రావణాన్ని నీరు కలపకుండా వాడవచ్చు. ఒక పాలు ద్రావణానికి ఒక పాలు నీరు చేర్చితే దానిని 1+1 అని, మూడు పాళ్ళు చేర్చితే 1+3 అని వ్యవహరిస్తారు. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్ ఫిల్ముకు ఐడి-11లో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద తయారీదారులు సూచించిన కాలం మూల ద్రావణానికి ఏడున్నర నిమిషాలు, 1+1కు 13 నిమిషాలు, 1+3కు 20 నిమిషాలు. ద్రావణం బలం సగానికి తగ్గినప్పుడు కాలం రెట్టింపు కాలేదని గమనించండి. కనుక కాలాన్ని ఊహించి గుణించడం కంటె పట్టిక చూడటమే క్షేమం.

పలుచన చేయడం కేవలం పొదుపు కోసం కాదు. నీరు కలిసినప్పుడు సల్ఫైటు బలం తగ్గి, రేణువుల అంచులు కరగడం తగ్గుతుంది. చిత్రం మరింత నిశితంగా, రేణువులు కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఎండ పడిన నూలు వద్ద చేయవలసిన పని ఎక్కువ గనుక, అక్కడి పలుచని డెవలపరు త్వరగా నీరసిస్తుంది. నీడ భాగంలో పని తక్కువ గనుక అది ఇంకా చురుకుగానే ఉంటుంది. ఈ విధంగా వెలుగు మితిమీరకుండా ఆగుతుంది. నీడ మాత్రం ముందుకు సాగుతుంది. టాంకును అదేపనిగా కుదిపితే ఈ లాభం పోతుంది. నిమిషానికొకసారి, పది సెకన్లపాటు, నాలుగుసార్లు తిరగవేస్తే చాలు.

మన వృద్ధురాలి చిత్రానికి 1+3 ఎన్నుకోవాలని చాలామందికి తోస్తుంది. ఈ వ్యాసకర్త మాత్రం 1+1 వైపే మొగ్గు చూపుతాడు. సాధారణమైన చిన్న టాంకులో 300 మిల్లీలీటర్లు పడతాయి. 1+3లో అందులో అసలు డెవలపరు 75 మిల్లీలీటర్లే. 36 చిత్రాల రోలుకు అది చాలక నెగటివులు పాలిపోయే ప్రమాదం ఉంది. పెద్ద టాంకు ఉన్నవారికి ఈ చిక్కు లేదు. 1+1 వాడేవారు చిత్రం తీసేటప్పుడే నీడ కోసం ఒక స్టాపు వెలుగు ఎక్కువ ఇచ్చి, 13 నిమిషాలను పదకొండున్నరకు తగ్గించవచ్చు. వాడిన పలుచని ద్రావణాన్ని పారబోయాలి. తిరిగి సీసాలో పోయరాదు.

పట్టికలోని 20 డిగ్రీలు చలిదేశాల గది వేడిమి. విజయనగరంలో వైశాఖ మాసాన కుళాయి విప్పితే వచ్చే నీరు 30 డిగ్రీలు దాటి ఉండవచ్చు. ఒక డిగ్రీ పెరిగితే కాలాన్ని సుమారు పదోవంతు తగ్గించాలని స్థూలమైన లెక్క. 24 డిగ్రీల వద్ద మూల ద్రావణం కాలం 5 నిమిషాలకు చేరువవుతుంది. 1+1 కాలం సుమారు 9 నిమిషాలు. 30 డిగ్రీల వద్ద మూల ద్రావణానికి మూడు నిమిషాలు కూడా మిగలవు. అంత స్వల్పకాలంలో ద్రావణం ఫిల్మంతటా సమంగా పనిచేయక మరకలు, చారలు పడతాయి. వేసవిలో 1+1 మేలనడానికి ఇదే కారణం. అయినా 24 డిగ్రీలు మించితే లెక్కలు నమ్మదగినవి కావు. జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది.

కుండలో నీరు పోసి చల్లబరచుకోవచ్చు కదా అని అడగవచ్చు. సముద్రతీరంలో గాలిలో తేమ ఎక్కువ. కుండ నుండి నీరు త్వరగా ఆవిరి కాదు. అందుచేత ఇక్కడి కుండ లోతట్టు ప్రాంతాల కుండవలె చల్లబరచలేదు. పళ్ళెంలో ఐసు ముక్కలు, నీరు పోసి అందులో సీసాను నిలిపి ఉంచడమే మార్గం. ఐసును నేరుగా డెవలపరులో వేస్తే అది కరిగి, మనం కొలిచి కలిపిన పాళ్ళు తారుమారవుతాయి. డెవలపరు చల్లగా ఉండి, హైపో, కడిగే నీరు వేడిగా ఉన్నా ప్రమాదమే. జెలటిన్ పొర వల వలె ముడుతలు పడుతుంది. చల్లని నీరు ఎంతకూ దొరకనప్పుడు పటిక చేర్చిన హైపో వాడితే పొర గట్టిపడుతుంది.

అన్ని చిత్రాలకూ పలుచన తగదు. ఆశ్వయుజంలో మబ్బు పట్టిన మధ్యాహ్నం విజయనగరంలో సిరిమానోత్సవాన్ని చిత్రిస్తే, జనం, కోట గోడ, ఆకాశం అన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. అప్పుడు మూల ద్రావణాన్నే వాడి, కాలాన్ని పది పదిహేను శాతం పెంచితే చిత్రానికి జీవం వస్తుంది. ఒకే రోలులో పొందూరు ఎండ, సిరిమాను మబ్బు రెండూ ఉంటే రెంటికీ న్యాయం చేయలేము. ఏ చిత్రం ముఖ్యమో ముందుగానే నిర్ణయించుకోవాలి.

ఉదకమండలంలో 1960లో స్థాపితమై, ఇప్పుడు మూతపడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ ఫిల్ము వంటిది పాత పెట్టెలో దొరికితే, దానిపై ముద్రించిన కాలం పనికిరాకపోవచ్చు. అటువంటప్పుడు రోలులో మొదటి మూడు నాలుగు చిత్రాల మేరకు చీకటిలో కత్తిరించి, ముందుగా ఆ ముక్కను పరీక్షించాలి.

ఆరిన నెగటివును వార్తాపత్రిక మీద పరచి చూడండి. నూలు ఉన్న అతి నల్లని భాగం గుండా అక్షరాలు మసకగా చదవ వీలైతే కాలం సరిపోయినట్లే. అక్షరాలు బొత్తిగా కానరాకపోతే తరువాతి రోలుకు పదిహేను శాతం తగ్గించాలి. ముఖంలో నీడ ఉన్నచోట ఫిల్ము గాజువలె ఖాళీగా ఉంటే ఆ లోపం డెవలపరుది కాదు. అక్కడ వెలుతురే చాలలేదు. ఆ రోజు, ఆ ద్రావణం, ఆ వేడిమి పుస్తకంలో రాసుకొని, వీలైతే మరల పొందూరు బస్సు ఎక్కవలసి ఉంటుంది.