ఊరి ఉద్యోగం – ఒక అర్జీ కథ

"మహారాజరాజశ్రీ కలెక్టరు దొరవారి సముఖమునకు..." పాతకాలపు అర్జీలు ఇలా మొదలయ్యేవని పెద్దలు చెబుతుంటారు. ఊరి ఉద్యోగం కోసం పెట్టుకున్న అర్జీలూ వాటిలో ఉండేవి. అవి ఎవరు పెట్టగలిగేవారు? ఎవరివి చెల్లేవి? మనం తెలుసుకోవలసిన సంగతి ఇది.

బ్రిటిషు కాలంలో మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాలు మూడూ ఒకే జమ్మలమడుగు సబ్‌ డివిజన్‌లో ఉండేవి. ఊరికి శిస్తు వసూలు చేసే రెడ్డి, లెక్కలు రాసే కరణం, కాపలాకు తలారి, కబుర్లు మోయడానికి వెట్టివాడు ఉండేవారు. 1895లో వచ్చిన మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ప్రకారం, కరణం పోస్టు ఖాళీ అయితే మొదటి ప్రశ్న "వారసుడెవరు?" అన్నదే. వారసుడు మైనరైతే అతని పేరు రిజిస్టరులో రాసుకొని, పెద్దవాడయ్యేదాకా మరొకరితో పని చేయించేవారు. కరణం కొడుకు లెక్కలు రాయాలి, వెట్టివాడి కొడుకు ఆ లెక్కల కట్ట మోయాలి. మనలో చాలామంది తాతలది ఆ రెండో వరుసే.

ఈ పద్ధతిని ప్రశ్నించిన వ్యక్తి గుంటూరు జిల్లా తెనాలి తాలూకా పెరవలిపాలెం వాసి గాజుల దశరథ రామారావు. అక్కడ గ్రామ మునసబు ఉద్యోగానికి దరఖాస్తులు పిలిచారు. రెవెన్యూ డివిజనల్ ఆఫీసరు ఈయనను నియమించారు. కానీ అప్పీలులో కలెక్టరు, పాత మునసబు కొడుకుకే ఆ ఉద్యోగం ఇచ్చారు. రామారావు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో వంశాన్ని బట్టి వివక్ష చూపరాదని రాజ్యాంగం 16(2) అధికరణం చెబుతోంది. 1960 డిసెంబరు 6న కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. తరువాత 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పోస్టులనే రద్దు చేసింది.

అమెరికాలోనూ ఇలాంటి ఘట్టం ఉంది. 1865లో అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దయింది. మిసిసిపీ రాష్ట్రంలో స్థానిక ఉద్యోగాల నియామకం గవర్నరు చేతిలో ఉండేది. 1869లో నాచెజ్ పట్టణం వారు తమ సిఫారసులను జాన్ ఆర్. లించ్ అనే యువకుడి చేత గవర్నరు ఏమ్స్‌కు పంపారు. గవర్నరు ఆ యువకుణ్ణే చిన్న తగాదాలు విచారించే న్యాయాధికారిగా నియమించాడు. బానిసగా పుట్టిన లించ్ వయసు అప్పుడు 21 ఏళ్లు. అయితే 2,000 డాలర్లకు జామీను చూపితేనే ఉద్యోగం. ఆస్తిపరులైన ఇద్దరు నల్లజాతి వారు ముందుకొచ్చి సంతకాలు చేశారు. తరువాత ఆయన అమెరికా పార్లమెంటు సభ్యుడయ్యాడు.

దీన్నిబట్టి తెలిసేదేమిటి? అర్జీ రాయడం తెలియాలి, అది తిరస్కరిస్తే కారణం అడగడం తెలియాలి, తోటివాడికి జామీనుగా నిలబడే మనసూ ఉండాలి. కారణం అడగడానికి 2005 నుండి సమాచార హక్కు చట్టం మనకు తోడుంది. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. మన తాతలు ఇతరుల కాగితాలు మోశారు. మన కాగితం మనమే రాసుకుందాం, పక్కవాడికీ రాయడం నేర్పుదాం.