నవల తెరకెక్కితే రుచి తగ్గుతుందా?

మెట్‌పల్లి: నవల చదివినవారు సినిమా చూసివచ్చి "పుస్తకంలో ఉన్నంత మంచిగ లేదు" అనడం మన ఊళ్లలో పాతమాటే. సినిమా ఒక్కటే చూసినవారు "ఏం తక్కువైంది?" అని ఎదురడుగుతారు. ఎవరి మాట నిజమో తేల్చుకోవడానికి మద్రాసుదాకా పోనక్కరలేదు. మన ప్రాంతానికి దగ్గరి చిత్రాలు రెండు చాలు.

మొదటిది 'ఏకవీర'. నవల రాసిన కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణ కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసినవారు. 1969లో సి.ఎస్.రావు దర్శకత్వంలో వచ్చిన చిత్రానికి మాటలు రాసినది సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేట బిడ్డ డాక్టర్ సి.నారాయణరెడ్డి. ఎన్.టి.రామారావు, కాంతారావు, జమున, కె.ఆర్.విజయ నటించారు.

ఇద్దరు స్నేహితులు. ఒకరు మనసుపడిన పిల్ల మరొకరికి ఇల్లాలవుతుంది. ఈ బాధంతా నవలలో మనసు లోపలే రగులుతుంది. కెమెరా ముఖాన్ని చూపగలదుగాని మనసులోని మాటను చూపలేదు. దానిని సంభాషణగానో పాటగానో పైకి అనిపించాలి. పైకి అన్నాక మౌనం మౌనంగా మిగలదు. ఇంతటి పెద్దలు చేయివేసినా నవలాభిమానులకు వెలితి తోచిందంటే కారణం ఇదే. పాటలు మాత్రం నేటికీ నిలిచివున్నాయి.

రెండవది 'మా భూమి'. కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' దీనికి ఆధారం. బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మాతలు, బెంగాలీ అయిన గౌతం ఘోష్ దర్శకుడు. నవలలోని కథానాయకుడు ఉరికంబం ఎక్కవలసిన ముందురాత్రి జైలులో తన గతాన్ని తలపోస్తాడు. చిత్రంలో అతని పేరు మారింది, కథ నడక మారింది. మారనివి దొర, వెట్టి, భూమికోసం తెగించిన జనం. పాత్రలు మన యాసలోనే మాట్లాడాయి. బండి యాదగిరి పాటను గద్దర్ తెరమీద పాడారు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఈ చిత్రం విడుదలైనది 1980లో. తెరమీది గడీ మనవారికి పరాయి కథ ఎట్లా అవుతుంది?

ఇక ప్రేమకథల సంగతి. కోడూరి కౌసల్యాదేవి 'ప్రేమనగర్' 1971లో, యద్దనపూడి సులోచనారాణి 'మీనా', 'జీవన తరంగాలు' 1973లో, 'సెక్రటరీ' 1976లో చిత్రాలుగా వచ్చాయి. ఈ నవలల్లో మాటలు, సంఘటనలు ఎక్కువ. కనుక తెరమీదికి సులభంగా ఒదిగాయి. అయినా చిక్కు ఒకటున్నది. చదివేటప్పుడు కథానాయకుడు ఎవరి ఊహలో వారికి ఒక్కో తీరుగా కనిపిస్తాడు. 'ప్రేమనగర్', 'సెక్రటరీ' తెరమీద అందరికీ అక్కినేనే.

కాబట్టి నవలను ఉన్నదున్నట్టు దింపారా అన్నది సరైన కొలత కాదు. నవలకు ప్రాణమేదో గుర్తించి దానిని కాపాడారా అన్నదే చూడాలి. 'మా భూమి' ఎన్ని మార్చినా ప్రాణం విడువలేదు.

మరొక సంగతి మరువరాదు. బీడీలు చుట్టే మన అక్కచెల్లెళ్లలో, మగ్గం నేసే పెద్దలలో చదువుకు నోచుకోనివారెందరో ఉన్నారు. వారికి కథ అందితే సినిమాద్వారానే అందాలి. అందుకే మంచి నవలను పాడుచేయడం చిన్న తప్పు కాదు. వారు ఆ పుస్తకం తెరిచి సరిచూసుకోలేరు. తెరమీద చూసినదే వారికి నిజమైపోతుంది. చదువు వచ్చినవారు సినిమా చూశాక గ్రంథాలయానికి వెళ్లి నవల తెచ్చి, ఇంట్లో నలుగురికీ వినిపిస్తే ఆ లోటు కొంతైనా తీరుతుంది.