జీవామృతం వీడియో మనమే ఎడిట్ చేసుకుందాం

జీవామృతం తయారీ మొత్తం అరగంట తీసి పెడితే చూసే ఓపిక ఎవరికీ ఉండదు. కంప్యూటర్లో షాట్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి.

ఫోన్లో తీసిన వీడియోలన్నీ ఒకే ఫోల్డర్లో పెట్టి, వరసగా టైమ్‌లైన్ మీదకి లాగండి. అక్కర్లేని భాగం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఎస్ నొక్కండి. మధ్య ముక్కని ఎంచుకుని ఎక్స్ నొక్కితే అది పోయి, మిగతాది కలుస్తుంది.

కొలతలు మాత్రం కోసేయొద్దు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇవి తెర మీద అక్షరాల్లో కూడా వేయండి. చూసిన రైతు అదే కలుపుకుంటాడు కదా!

ఎక్స్‌పోర్ట్ చేసి, ఎంపీ4 ఫైలు చూసుకునేదాకా అసలు వీడియోలు డిలీట్ చేయకండి. ప్రాజెక్ట్ ఫైల్లో మన కోతల లెక్కే ఉంటుంది, వీడియో ఉండదు.